రోడ్డు మీద కూడా నడుస్తాదా?

"నాన్నా, ఈ ఓమ్నీని కోసేస్తాను" అన్నాను.

పోయినేడాది కనుమ రోజది. భోజనాలయ్యాక పెరట్లో ఇద్దరం నిలబడి ఉన్నాం. ఎదురుగా పశువుల సాల. అందులో పశువులు లేవు, నాన్న ఓమ్నీ ఉంది. 2020 మార్చిలో కరోనాకి స్కూళ్లు మూసేసిన రోజు తెచ్చి అక్కడ పెట్టాడు. మళ్లీ బయటికి తీయలేదు.

"కోసి?" అన్నాడు.

"కారు చేస్తాను. నేనే. రెండు సీట్లు, పైన కప్పుండదు. రేసు ట్రాక్ మీద తిప్పొచ్చు."

నాన్న కాసేపు బండివైపే చూశాడు. ఎందుకని అడగలేదు, ఎంతవుతుందని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"రోడ్డు మీద కూడా నడుస్తాదా?"

"నడుస్తుంది. రెండింటికీ పనికొచ్చేలా చేస్తాను" అన్నాను.

ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. ఆ మాట నిలబెట్టుకోవడానికి తొమ్మిది నెలలు లెక్కలు వేశాను. ఆ లెక్కల్లో ఏం తేలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు, మా బండి

మాది రాజాం పక్కన చిన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా వాళ్లం, జిల్లాలు విడగొట్టాక విజయనగరం జిల్లా వాళ్లమయ్యాం. ఊరు అంగుళం కదల్లేదు, అడ్రస్ మాత్రం మారింది. ఓమ్నీ నంబరు మాత్రం ఇంకా పాత శ్రీకాకుళానిదే, ఏపీ 30.

2004లో కొన్నాడు నాన్న. పసుపు బోర్డు. పొద్దున చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని రాజాం స్కూళ్లకి చేర్చేవాడు, సాయంత్రం ఇళ్లకి దించేవాడు. మధ్యలో పెళ్లిళ్లు, సింహాచలం మొక్కులు, అర్ధరాత్రి పురిటి నొప్పులు. నా ఇంజినీరింగ్ ఫీజు కూడా ఆ బండే కట్టింది. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ వచ్చినప్పుడు కొబ్బరిమట్ట పడి కప్పు సొట్టపోయింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

ఓమ్నీలో ముందు సీటు మీద కూర్చున్నవాళ్లకి ఒక విషయం తెలుస్తుంది. ఇంజిన్ సరిగ్గా సీటు కింద ఉంటుంది. మే నెలలో శ్రీకాకుళం వెళ్లొస్తే కింద పెనం పెట్టినట్టుండేది. అప్పుడు తిట్టుకున్న ఆ అమరికే ఇప్పుడు నాకు అదృష్టంలా కనిపించింది. ఎందుకో చెబుతాను.

నేను మెకానికల్ చదివాను. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది, అందులో చేరిపోయాను. మా బ్యాచ్‌లో సగం మంది కథ ఇదే. మూడో ఏడాదిలో ఉండగా బాహా పోటీకి టీమ్‌గా ఓ బండి కట్టాం. మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో జరుగుతుందది. దేశం నలుమూలల నుంచి ఇంజినీరింగ్ పిల్లలు సొంతంగా వెల్డింగ్ చేసుకున్న బళ్లు తీసుకొస్తారు. అక్కడ బ్రేక్ టెస్ట్ ఉంటుంది. బ్రేక్ తొక్కితే నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి. మావి మూడే బిగుసుకున్నాయి. రేసు చూడకుండానే రైలెక్కాం. ఏడేళ్లుగా రోజూ కోడ్ రాస్తున్నాను గానీ, ఆ నాలుగో చక్రం మాత్రం మనసులోంచి పోలేదు.

కారు కొనరు, కట్టుకుంటారు

కిట్ కార్ అంటే తెలియనివాళ్ల కోసం చిన్న మాట. కారు తయారుగా కొనరు. ఫ్రేమ్, బాడీ ఒకచోట కొంటారు, లేదా వెల్డింగ్ చేసుకుంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్ ఏదో పాత కారులోంచి తీస్తారు. ఆ పాత కారుని 'డోనర్' అంటారు. అవయవ దానం లాంటిదే.

ఈ పిచ్చికి పుట్టిల్లు బ్రిటన్. 1957లో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే బుల్లి కారు తెచ్చాడు. అప్పట్లో అక్కడ పూర్తి కారు మీద కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొంటే ఉండేది కాదు. దాంతో జనం పెట్టెల్లో కారు కొనుక్కుని ఇంటి షెడ్డులో బిగించుకునేవారు. 1973 నుంచి అదే డిజైన్‌ని కేటర్‌హామ్ అనే కంపెనీ కొనసాగిస్తోంది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లలో మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోండి అంటూ ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ తరహా కార్లకి 'లోకాస్ట్' అని పేరొచ్చింది.

ఆ డిజైన్‌కి కావాల్సింది నిలువుగా పెట్టిన ఇంజిన్, దాని వెనకే గేర్‌బాక్స్, వెనక చక్రాల్ని తిప్పే యాక్సిల్. మన చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే, ఇంజిన్ అడ్డంగా ఉంటుంది. మినహాయింపు ఏమిటి? ఓమ్నీ! సీటు కింద నిలువుగా 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, వెనక చక్రాలకి పవర్. సీటు కింద కాలిన మంటంతా ఈ రోజు కోసమే అనిపించింది.

ఇంకో సంగతి తెలిశాక నిద్ర పట్టలేదు. కోయంబత్తూరులో ఎస్. కరివర్ధన్ అనే ఆయన ఉండేవారు. బట్టల మిల్లుల కుటుంబం, రేసుల పిచ్చి. విదేశీ రేసు కారు కొనే స్తోమత లేని కుర్రాళ్ల కోసం ఆయన ఒంటి సీటు కార్లు తయారు చేయించారు. ఆ ఫార్ములా మారుతీ కార్లలో పెట్టింది మారుతీ 800 ఇంజినే. ఓమ్నీలో ఉన్నదీ ఆ కుటుంబం ఇంజినే. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు పరిగెత్తింది ఫార్ములా మారుతీలోనే. ఆయనే 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరు రేస్ ట్రాక్ ఆయన పేరు మీదే ఉంది.

ఈ కథ నాన్నకి ఫోన్లో చెప్పాను. "మన బండి ఇంజినే?" అని రెండుసార్లు అడిగాడు.

కిటికీ మలుపు తిరగదు కదా

లోకాస్ట్ ఫ్రేమ్‌కి వాడేది ఒక అంగుళం చదరపు పైపు, మందం 1.6 మిల్లీమీటర్లు. దీని కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. మా రాజాంలో ఏ గ్రిల్ షాపులోనైనా గోడకి ఆనించి ఉంటుంది. కిటికీలు, గేట్లు చేసేది దాంతోనే.

లెక్క వేశాను. ఫ్రేమ్ మొత్తానికి సుమారు 45 మీటర్లు. మీటరు 1.2 కిలోలు. అంటే 54 కిలోలు. మా దగ్గరి రేటు ప్రకారం నాలుగైదు వేలు దాటదు. నా ఫోన్ కవర్లు, ఇయర్‌బడ్స్ మీద ఏడాదిలో పెట్టేది దీనికన్నా ఎక్కువే. రేసు కారు అస్థిపంజరం ఇంత చవకా అని నవ్వొచ్చింది.

గ్రిల్ షాప్ ఆయన నాకు వరసకి మావయ్య అవుతాడు. డ్రాయింగ్ చూపిస్తే "ఇదేటి, పందిరి మంచమా?" అన్నాడు. కారు అంటే నమ్మలేదు. ముందు రెండు పైపుల్ని 'టీ' ఆకారంలో అతికించి ఇమ్మన్నాను. ఇచ్చాడు. బయట చూస్తే చక్కగా ఉంది. బెంచీకి బిగించి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. అతుకు పొరలా ఊడి వచ్చేసింది. లోపలి లోహం కరగలేదు, పైపైన అంటుకుంది.

మావయ్య మొహం చిన్నబోయింది. "ముప్పై ఏళ్లలో నా కిటికీ ఒక్కటి ఊడిందేట్రా?"

"కిటికీ మలుపు తిరగదు కదా మావయ్యా."

ఆ మాట అన్నందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు. మిగ్ వెల్డింగ్ మెషీన్ తెలిసినవాళ్ల దగ్గర అద్దెకి దొరుకుతుందట, పల్చటి పైపుకి అదే మంచిదట. ఇప్పటికి పదిహేడు 'టీ'లు అతికించి పగలగొట్టాం. చివరి ఆరింటిలో అతుకు ఊడలేదు, పక్కన పైపు వంగింది. అలా వంగితే అతుకు గట్టిదన్నమాట.

కానీ తలకాయని కాపాడే రోల్ కేజ్‌కి ఈ పైపు పనికిరాదు. ఎఫ్ఐఏ నిబంధనల్లో డ్రైవర్ వెనక ఉండే ప్రధాన కడ్డీకి అతుకు లేని స్టీల్ ట్యూబ్ అడుగుతారు. 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం. అది గ్రిల్ షాపులో ఉండదు. ఆ ఒక్క ట్యూబ్ ఖర్చు మిగతా ఫ్రేమ్ ఖర్చుని మించిపోతుంది. అక్కడ బేరం ఆడకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నా.

ఎక్సెల్‌లో రెండు కాలమ్స్

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, వెంటనే ఎక్సెల్ తెరిచాను. ఒక కాలమ్ 'రోడ్డు', ఇంకోటి 'ట్రాక్'. ఒక్కో వరస నింపుతుంటే తెలిసింది, ఆ రెండు కాలమ్స్ అత్తాకోడళ్ల లాంటివని.

మొదటి వరస, నేల నుంచి ఎత్తు. ట్రాక్ కారు ఎంత కిందికుంటే అంత మంచిది, మలుపుల్లో ఒరగదు. నా డిజైన్‌లో 10 సెంటీమీటర్లు. రోడ్డు మాటేమిటి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే పల్చటి దిబ్బలాగా. అలాంటిదైతే నా కారు పొట్ట తగలకుండా దాటుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య 2.25 మీటర్ల దూరానికి, మధ్యలో దిబ్బ పైకి లేచేది నాలుగు సెంటీమీటర్లలోపే.

టేపు పట్టుకుని మా ఊరి బడి ముందున్న బ్రేకర్ కొలిచాను. ఎత్తు 13 సెంటీమీటర్లు. వెడల్పు 70. అది స్పీడ్ బ్రేకర్ కాదు, గట్టు. నేను కొలుస్తుంటే పిల్లలు చుట్టూ మూగి "అన్నా, తీసేస్తారా?" అని ఆశగా అడిగారు. తీయరు. ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి చేరేలోపు ఇలాంటివి ఐదున్నాయి.

రెండో వరస, స్ప్రింగులు. కారు బరువుకి స్ప్రింగు ఎంత కుంగుతుందో చూస్తే దాని మెత్తదనం తెలుస్తుంది. రోడ్డు మీద హాయిగా వెళ్లే కారు సెకనుకి సుమారు 1.2 సార్లు ఊగేలా ఉండాలి. దానికి స్ప్రింగు 17 సెంటీమీటర్లు కుంగాలి. ట్రాక్‌కి సెకనుకి 2 సార్లు ఊగేలా పెడితే కుంగేది 6 సెంటీమీటర్లే. అంటే దాదాపు మూడు రెట్లు గట్టి స్ప్రింగు. ఆ స్ప్రింగుతో రాజాం నుంచి చీపురుపల్లి వెళ్తే తిన్నది నోట్లోకి వస్తుంది.

మూడో వరస, రోల్ కేజ్. ఇది నేను ఊహించనిది. ట్రాక్ మీద హెల్మెట్ ఉంటుంది, బెల్టులు ఒంటిని సీటుకి కట్టేస్తాయి. అప్పుడు ఆ ఇనుప కడ్డీ ప్రాణదాత. రోడ్డు మీద ఎవరూ హెల్మెట్ పెట్టుకుని కారు తోలరు. చిన్న గుద్దు తగిలినా తల వెళ్లి ఆ కడ్డీకే కొట్టుకుంటుంది. ఒకే కడ్డీ, ఒకచోట కాపాడుతుంది, ఇంకోచోట చంపుతుంది.

నాలుగోది, పవర్. ఓమ్నీ బరువు 785 కిలోల దాకా ఉంటుంది, ఇంజిన్ 35 హెచ్‌పీ చిల్లర. ఒక్కో హెచ్‌పీ 22 కిలోలు మోస్తోంది. నా కారు 500 కిలోలకి దిగితే 14 మోస్తుంది. గొప్పగా ఉందనుకున్నా. మా బావ స్విఫ్ట్ లెక్క చూస్తే సుమారు 10. ఇంత కష్టపడి కట్టిన రేసు కారు మా బావ స్విఫ్ట్ కన్నా వెనకే ఉంటుందన్నమాట! జిప్సీ 1300 ఇంజిన్ పెడితే 80 హెచ్‌పీ, అప్పుడు సుమారు ఆరు కిలోలు. ఆ ఇంజిన్ కోసం 90 వేలు పక్కన పెట్టడం మొదలుపెట్టాను.

ఆఫీసులో ఫ్రెండ్ ఒకడు షీట్ చూసి "రెండిటికీ మధ్యలో పెట్టెయ్ మావా" అన్నాడు. పెట్టి చూశాను. ఎత్తు 13 సెంటీమీటర్లు, స్ప్రింగు మధ్యరకం, టైర్లు మధ్యరకం. ట్రాక్ మీద ఒరిగిపోతుంది, రోడ్డు మీద కుదిపేస్తుంది. ఏ పనికీ సగమే.

అయినా పట్టు వదల్లేదు. మాటిచ్చాను కదా.

చట్టం ఏమంటుందంటే

నిజానికి ఇది మొదట చూడాల్సింది. చివర చూశాను. మనవాళ్లంతా చేసే తప్పే, ముందు డిజైన్, తర్వాత రూల్స్.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. కంపెనీ ఇచ్చిన వివరాలు ఆర్‌సీలో ఉంటాయి. బండి వాటికి తేడా వచ్చేలా మార్చకూడదు. అనుమతితో అదే రకం ఇంజిన్ మార్చుకోవడం, సీఎన్‌జీ కిట్ పెట్టుకోవడం లాంటివి ఉన్నాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. నేను ఓమ్నీలో చేయబోయే మార్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర ఆపేశాను.

"పాత ఆర్‌సీ వద్దు, కొత్త కారుగా రిజిస్టర్ చేయిద్దాం" అనుకున్నా. దానికి కొత్త మోడల్‌ని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థలో పరీక్షించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది వేల కార్లు అమ్మే కంపెనీల కోసం పెట్టిన దారి. బ్రిటన్‌లో ఒక్క మనిషి కట్టుకున్న ఒక్క కారుకి ఐవీఏ అనే పరీక్ష ఉంది. బ్రేకులు, లైట్లు, పొగ అన్నీ చూస్తారు. బయటికి తగిలే అంచులు 2.5 మిల్లీమీటర్లయినా గుండ్రంగా ఉన్నాయా అనేదీ కొలుస్తారు. పాసైతే నంబర్ ప్లేట్ ఇస్తారు. అలాంటి దారి మనకి లేదు.

రిజిస్ట్రేషన్ లేకపోతే ఇన్సూరెన్స్ లేదు. ఇన్సూరెన్స్ లేని బండి బడి ముందు ఒక పిల్లాడికి తగిలితే? పదహారేళ్లు పిల్లల్ని మోసిన మనిషి కొడుకుని నేను. ఆ వరస దగ్గర లాప్‌టాప్ మూసేశాను.

నేను చూసినంతలో రోడ్డూ ట్రాకూ ఒకటైంది ఒక్కసారే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్లని మూసేసి 2.8 కిలోమీటర్ల ట్రాక్ చేశారు. దాని కోసం ప్రభుత్వం కదలాల్సి వచ్చింది. నా కోసం ఎవరు మూస్తారు?

ఇదంతా ఆగస్టులో తెలిసింది. నాన్నకి చెప్పలేదు.

ఎందుకంటే అప్పటికే ఆయన మొదలుపెట్టేశాడు. వారానికోసారి ఓమ్నీని కడుగుతున్నాడని అమ్మ చెప్పింది. టీ కొట్టు దగ్గర "మా గుంటడు దీన్ని మళ్లీ రోడ్డెక్కిస్తాడు" అని అందరికీ చెబుతున్నాడట. ఒకప్పుడు ఆ బండిలో స్కూలుకి వెళ్లిన కుర్రాళ్లకి కూడా. ఒకరోజు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పగిలిన సైడ్ మిర్రర్ స్థానంలో కొత్తది, కవర్ కూడా తీయలేదు. కింద ఏమీ రాయలేదు.

నేను బొటనవేలు ఎమోజీ పెట్టాను. నా జీవితంలో పెట్టిన అతి పిరికి ఎమోజీ అది.

ఆయుధ పూజ రోజు

దసరాకి ఇంటికెళ్లాను. నాన్న సాల ఊడ్చి, ఓమ్నీకి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టాడు గానీ తొక్కించడానికి బండి స్టార్ట్ అవ్వదు. ఇద్దరం వెనక నుంచి తోశాం. నాలుగు నిమ్మకాయల్లో మూడే చితికాయి. మళ్లీ నాలుగో చక్రం!

అక్కడే చెప్పేశాను. సెక్షన్, కోర్టు, జరిమానా, ఇన్సూరెన్స్ అన్నీ. "కోసి కారు చేస్తే ట్రాక్ మీద మాత్రమే నాన్నా. రోడ్డెక్కదు. ఆగస్టులోనే తెలిసింది. నీకు చెప్పలేకపోయాను."

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చేతికంటిన పసుపు తువ్వాలుకి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అయితే ఒకటి సెప్పు" అన్నాడు. "ఇది కోయకపోతే?"

"కోయకపోతే ఏముంది, రిపేరు చేసి ఎఫ్‌సీ చేయిస్తే..."

"రోడ్డెక్కుతాది కదా?"

"ఎక్కుతుంది."

"రోడ్డెక్కేదాన్ని కోసేసి, రోడ్డెక్కనిదాన్ని సేస్తావేట్రా?"

తొమ్మిది నెలలు, ఎక్సెల్‌లో వంద వరసలు, పదిహేడు 'టీ' జాయింట్లు. ఈ ఒక్క ప్రశ్న మాత్రం నాకు రాలేదు. నా లెక్కలో ఓమ్నీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్, యాక్సిల్. ఆయన లెక్కలో అది బండి.

ఆ రాత్రి షీట్ తెరిచి రెండు కాలమ్స్‌ని రెండు ఫైళ్లుగా విడగొట్టాను. ఆఫీసులో ఒకే ప్రోగ్రామ్‌కి పొంతన లేని రెండు పనులు అప్పజెబితే నేనే గొడవ పెట్టుకుంటాను, విడగొట్టండి అని. సొంత కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి పనిచేయలేదు.

ఇప్పుడు ప్లాన్ ఇదీ

ఒకటో ఫైల్: ఓమ్నీ. జిప్సీ ఇంజిన్ కోసం దాచిన 90 వేలు దీనికే పోయాయి. ఇంజిన్ విప్పి రింగులు మార్చాం. కార్బురేటర్, బ్రేకులు, వైరింగ్, నాలుగు టైర్లు అన్నీ కొత్తగా వేశాం. కప్పు మీద సొట్ట తీయించబోతే నాన్న వద్దన్నాడు. పసుపు బోర్డు తీసేసి సొంత బండిగా మార్పించే కాగితాల పని ఆయనదే. పదహారేళ్లు అన్ని కాగితాలూ సరిగ్గా పెట్టుకున్న మనిషి. 2020లో బండి నడపడం లేదని ఆఫీసులో ఇచ్చిన కాగితం నకలు కూడా ప్లాస్టిక్ కవర్లో దాచాడు. ఫైలు పట్టుకుని ఆఫీసుకి వెళ్లే రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడని అమ్మ నవ్వుతోంది. పని ఇంకా పూర్తవలేదు, తిరుగుతున్నాడు.

రెండో ఫైల్: ట్రాక్ కారు. 'రోడ్డు' అనే మాట తీసేయగానే డిజైన్ ఎంత తేలికైందో! ఎత్తు 10 సెంటీమీటర్లు ఖాయం. గట్టి స్ప్రింగులు ఖాయం. వైపర్లు, ఇండికేటర్లు, స్టెప్నీ అన్నీ పోయాయి. కేజ్ గురించి భయం లేదు, హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కరు. ఇంజిన్‌కి డబ్బు లేదు కాబట్టి మొదట పాత స్పేర్ పార్టుల కొట్టు నుంచి 796 సీసీ ఇంజినే తెస్తాను. కరివర్ధన్ గారి కార్లకి సరిపోయింది నాకు సరిపోదా? ముందు మలుపులు నేర్చుకుంటే చాలు, స్విఫ్ట్‌ని తర్వాత చూద్దాం.

అసలు ఖర్చు ఇప్పుడు దూరంలో ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మాకు వందల కిలోమీటర్ల దూరం. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు చెన్నైవాళ్లు షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద రేసులు పెట్టుకునేవాళ్లు. నా కారు సొంత చక్రాల మీద ఊరి పొలిమేర కూడా దాటకూడదు, కాబట్టి ప్రతిసారీ మినీ లారీ ఎక్కించాలి. రానూపోనూ లారీ కిరాయి, డీజిల్, ట్రాక్ ఫీజు అన్నీ కలిపితే ఏడాదికి రెండుసార్లు వెళ్లగలను. మూడోసారి వెళ్లాలంటే అప్రైజల్ బాగుండాలి.

ఇది చదివి మీలో ఎవరికైనా ఉత్సాహం వస్తే ఒక్క మాట. మొదట 'ఎక్కడ నడుపుతాను' అనేది రాసుకోండి, తర్వాతే పైపు కొనండి. కాలేజీలో ఉంటే బాహా, సుప్రా లాంటి పోటీల టీముల్లో చేరండి. బ్రేక్ టెస్ట్‌లో ఫెయిలైనా అక్కడ ఎవరికీ దెబ్బ తగలదు. ఇంట్లో కట్టింది మాత్రం అర్ధరాత్రి ఖాళీ రోడ్డు అయినా సరే, బయటికి తీయకండి.

పోయిన నెల పైపులు వచ్చాయి. 45 మీటర్లు, మావయ్య షాపులో గోడకి ఆనించి ఉన్నాయి. వేరే కిటికీలకి వాడేయకుండా వాటి మీద సుద్దతో "కారు" అని రాశాడు.

ఆ రోజు సాయంత్రం ట్రాక్ కారు సామాన్ల లిస్టు నాన్నకి చదివి వినిపించాను. సీట్లు రెండు. బెల్టులు రెండు జతలు. మంటలార్పే సిలిండర్ ఒకటి. బయటి నుంచి కరెంటు ఆపే స్విచ్ ఒకటి. రెండో సీటు ఎవరికని అడగలేదు. అంతా విని "హారన్ రాయలేదే?" అన్నాడు.

"ట్రాక్ మీద హారన్ ఉండదు నాన్నా. ఎవరూ అడ్డం రారు."

"హారన్ లేకుండా బండేట్రా?"

లేచి సాలలోకి వెళ్లాడు. ఎఫ్‌సీ కోసం ఓమ్నీకి కొత్త హారన్ బిగించాం. పాతది పారేయలేదు. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడట. తెచ్చి నా చేతిలో పెట్టాడు. తుప్పు పట్టి ఉంది. పొద్దున ఏడున్నరకి మా వీధి పిల్లలందర్నీ పరిగెత్తించిన హారన్ అది. బ్యాటరీకి తగిలించి చూశాం.

మోగింది. అమ్మ వంటింట్లోంచి "ఎవలొచ్చారు?" అని కేకేసింది.

లిస్టులో రాసుకున్నాను. హారన్, ఒకటి. బరువు 300 గ్రాములు.